మూల ఫ్రిజ్ శ్రుతి

జూన్ 11

బావగారికి నమస్కారం.

క్షేమంగా చేరాను. ఫోన్లో నేను ఊ, ఆ, ఉంటాను అనే మూడు మాటలు తప్ప మాట్లాడనని అక్క ఉత్తరాలే రాయమంది. అందుకని రాస్తున్నాను.

గది బాగుంది. మంచం, బల్ల, కిటికీ ఉన్నాయి. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపిస్తుంది. గోడ బాగుంది.

నేను వయొలిన్ నేర్పాల్సిన చోటు ఊరివాళ్ళు నడుపుకునే ఒక సంఘం భవనం. కింద ఆఫీసు, వంటగది. పైన పెద్ద హాలు. అంతా చూసుకునేది ఒక మేనేజరమ్మ. నాకు జీతం లేదు, నేర్చుకునేవాళ్ళకు ఫీజు లేదు. కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అనడానికి లేదు. నేర్చుకునేవాళ్ళు ముగ్గురూ పెద్దవాళ్ళే. ఒక బస్సు డ్రైవరు, ఒక పళ్ళ డాక్టరమ్మ, ఒక లాండ్రీ ఆవిడ. వాళ్ళ భాష నాకు నాలుగు ముక్కలే వచ్చు. మన భాషలో నేను మాట్లాడేదీ అంతే కాబట్టి తేడా తెలియడం లేదు.

ఆరు నెలల తర్వాత సంఘం కమిటీ వచ్చి వింటుంది. నచ్చితే క్లాసు ఉంటుంది, నేనూ ఉంటాను. నచ్చకపోతే క్లాసు మూసేసి నన్ను పంపేస్తారు. నాకు ఉండాలని ఉంది. ఈ మాట అక్కకి మీరే చెప్పండి. నేను చెప్పలేను.

మొదటి వారం పైన హాల్లో కూర్చున్నాం. నాకు చెయ్యి ఆడలేదు. స ఎక్కడుందో దొరకలేదు. నాకు ఎవరూ నేర్పలేదని మీకు తెలుసు. మీ షాపు లెక్కలు రాసేసి, వెనక గదిలో రిపేరుకొచ్చిన ఫ్రిజ్‌ల మధ్య కూర్చుని గీసుకున్నదే నా చదువు. ఆ మూలనున్న నీలం ఫ్రిజ్ మోతే నా శ్రుతి. మిగతా ఫ్రిజ్‌లు వచ్చేవి, పోయేవి. అది మాత్రం ఉండేది. ఇక్కడ హాల్లో ఏ మోతా లేదు. మేనేజరమ్మ తన ఫోన్లో తంబూరా మోత వెతికి పెట్టింది. అది మోగినప్పుడల్లా బస్సు డ్రైవరు కమాను కింద పెట్టి జేబు తడుముకున్నాడు.

రెండో వారం మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళాను. అక్కడ ఒక పాత ఫ్రిజ్ గుయ్యిమని మోగుతోంది. ముగ్గురినీ కిందికి పిలిచి నేల మీద కూర్చోబెట్టాను. చెయ్యి ఆడింది. అప్పటినుంచి క్లాసు వంటగదిలోనే.

ఆ ఫ్రిజ్ మోత రోజంతా నా చెవిలోనే ఉంటోంది. నేనుండేది ఆ పక్క గదే కాబట్టి పడుకున్నా వినిపిస్తుంది. దాని సంగతి ఏమిటో, ఎన్నాళ్ళు ఇలా మోగుతుందో మీరే చెప్పాలి.

మీ బావమరిది


జూన్ 29

ఒరేయ్ బావమరిదీ,

ఉత్తరం అందింది. నువ్వు ఇన్ని మాటలు ఒకచోట పెట్టడం చూసి మీ అక్క దాన్ని పట్టుకుని పక్కింటికి, ఎదురింటికి వెళ్ళొచ్చింది. "మావాడికి మాటలొచ్చాయి" అని. నీకు రెండో ఏడు వచ్చినట్టు.

మీ అక్క దాన్ని చదువుతుంటే నేను పైపుకి వెల్డింగు చేస్తూ విన్నాను. మంట చప్పుడులో మొదట్లో ఏముందో సరిగా వినపడలేదు కానీ అసలు సంగతి చివర్లో పెట్టావని అర్థమైంది. ఫ్రిజ్ రోజంతా మోగుతోందా? నీ చెవిలోనా? పడుకున్నా వదలడం లేదా? ఫ్రిజ్ మెకానిక్ బావమరిది మూలిగే ఫ్రిజ్ పక్కన పడుకుంటున్నాడని ఈ వీధిలో తెలిస్తే నేను షట్టరు దించుకుని పోవాల్సిందే. బావ బతుకు కోరతాడు, దాయాది చావు కోరతాడని పెద్దలు ఊరికే అనలేదు.

మంచి ఫ్రిజ్ మంచి అల్లుడి లాంటిది. ఇంట్లో ఉన్నట్టే తెలియకూడదు. ఆ మాట మీ నాన్న నన్ను చూసి అనేవాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో ఇప్పటికీ తేలలేదు.

దానికి కంప్రెసరు కింద వణుకు ఆపే రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటాయి. నువ్వు చెయ్యి పెట్టకు. నువ్వు విప్పిన మిక్సీ ఇంకా అటక మీదే ఉంది. కొత్త బుష్‌లు కట్టి, ఎలా బిగించాలో బొమ్మ గీసి, నేరుగా మీ మేనేజరమ్మ పేరు మీదే పార్సిలు పంపాను. నీకు చెబితే "ఎందుకులే బావా" అంటావు.

ఆరోగ్యం చూసుకో. చలికి చెవులు కప్పుకో అని మీ అక్క. చెవులు కప్పుకుంటే ఫిడేలు ఎలా వింటాడే అని నేను. ఆ గొడవ ఇంకా తెగలేదు.

బావ

తా.క. మీ అక్క ఇప్పుడే నీ ఉత్తరం మొదటినుంచీ మళ్ళీ చదివింది. నావైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఎందుకో తెలియలేదు. పార్సిలు అప్పటికే వెళ్ళిపోయింది.


జూలై 16

బావగారికి నమస్కారం.

మీ జవాబు ఇంకా అందలేదు. ఈలోగా ఇక్కడి సంగతులు రాస్తున్నాను.

పాఠం సాగుతోంది. ఫ్రిజ్‌తో కొన్ని ఇబ్బందులున్నాయి. అది కాసేపు మోగి, లోపల చల్లబడగానే ఆగిపోతుంది. ఆగితే మేమూ ఆగిపోవాలి. అందుకని వంతులు వేసుకున్నాం. ఇద్దరు వాయిస్తుంటే ఒకరు ఫ్రిజ్ తలుపు తీసి పట్టుకుంటారు. అప్పుడు ఆగదు. పట్టుకున్నవాళ్ళకు ముందువైపు చలి వేస్తోంది. లాండ్రీ ఆవిడ అందరికీ ఒక కోటు తెచ్చి కొక్కేనికి తగిలించింది. వంతు వచ్చినవాళ్ళు అది తొడుక్కుంటారు.

ఇంకొకటి. ఫ్రిజ్ నిండా డబ్బాలుంటే శ్రుతి దిగుతుంది. ఖాళీగా ఉంటే ఎక్కుతుంది. బుధవారం ఆఫీసువాళ్ళెవరో లోపల పుచ్చకాయ పెట్టారు. పాఠమంతా కిందికి జారింది. డాక్టరమ్మ లేచి, పుచ్చకాయని రెండు చేతులతో ఎత్తి, హాల్లో కుర్చీ మీద కూర్చోబెట్టి వచ్చింది. ఇప్పుడు ఆఫీసువాళ్ళు తిండి డబ్బా లోపల పెట్టేముందు నావైపు చూస్తారు. నేను చేత్తో చెబుతాను. ఇన్నాళ్ళూ నన్ను అడిగి ఎవరూ ఏ పనీ చేయలేదు. మొదట్లో కంగారుపడ్డాను, ఇప్పుడు అలవాటైంది.

మన మూల ఫ్రిజ్‌కి ఈ గొడవలేవీ ఉండేవి కావు. మధ్యలో ఆగేది కాదు. తలుపు ఎవరూ పట్టుకోనక్కర్లేదు. ఇక్కడిది చెడిపోతే అలాంటిదే ఒకటి వెతకాలి. దాని కంపెనీ పేరూ నంబరూ రాసి పంపండి.

బస్సు డ్రైవరు నిన్న మొదటిసారి స మీద నిలబడ్డాడు. కదలలేదు. బ్రేకు మీద కాలు వేసినట్టు కుడికాలు నేలకి అదిమి పెట్టాడు. కాలు తీస్తే స్వరం దొర్లిపోతుందని భయం. నేను తియ్యమనలేదు.

మేనేజరమ్మ పేరు మీద ఏదో పార్సిలు వచ్చిందట. ఆవిడ చాలా సంతోషంగా ఉంది. ఇద్దరు మనుషులు వంటగదిలోకి వెళ్ళారు. ఫ్రిజ్‌ని వెనక్కి తిప్పుతున్నట్టున్నారు. చూసి వచ్చి రాస్తాను.

మోత ఆగిపోయింది. ఫ్రిజ్ పనిచేస్తోంది. చల్లగానే ఉంది. మేనేజరమ్మ మీరు గీసిన బొమ్మ చూపించి నా చెయ్యి పట్టుకుని ఊపింది. నేను కృతజ్ఞతలు చెప్పాను.

మీ బావమరిది


ఆగస్టు 2

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి మీ అక్క నాతో మాట్లాడడం మానేసింది. "వాడి శ్రుతి తిరిగొచ్చేదాకా మీకూ నాకూ మాటల్లేవు" అంది. మాట్లాడనని చెప్పడానికే అరగంట మాట్లాడింది, అది వేరే విషయం. కాబట్టి నీ క్లాసే కాదు, నా కాపురం కూడా ఆ ఫ్రిజ్ చేతిలోనే ఉంది.

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. నా పని అలా ఉంది. ఫిడేలువాడికి మోత కావాలని తెలియక, మెకానిక్ బుద్ధి పోనిచ్చుకోక, ఉన్న మోత ఊడగొట్టాను.

ఇప్పుడు రాయబోయేది షట్టరు సగం దించి రాస్తున్నాను. షాపులో పనివాళ్ళ కంటబడితే నా పరువు ఏం కావాలి? ఇన్నేళ్ళలో ఫ్రిజ్ బాగుచెయ్యమని అడిగినవాళ్ళున్నారు కానీ పాడుచెయ్యమని అడిగినవాడు లేడు. గోడకి కన్నం ఎక్కడ వేస్తే తేలికో చెప్పే తాపీమేస్త్రీలా ఉన్నాను.

నేను పంపిన బుష్‌లు తీయించు. పాతవి ఉంటే అవే వేయించు. అప్పటికీ మోత రాకపోతే, వెనక నల్లపైపుకీ రేకుకీ మధ్య ఒక స్టీలు చెంచా దూర్చండి. పైపు వణుకుతుంది, చెంచా వణుకుతుంది, రేకు మోగుతుంది. చెంచాని బట్టి మోత. ఏ చెంచాకి ఏ స్వరమో నాకు తెలియదు. అది నీ శాస్త్రం.

తలుపు తెరిచి పట్టుకుంటున్నారని చదివి గుండె పట్టుకున్నాను. అలా చెయ్యకూడదని లోకమంతటికీ చెబుతాను, నీకు మాత్రం చెప్పడం లేదు. కానీ మంచు మూడువేళ్ళ మందం పట్టగానే కరిగించండి.

మూల ఫ్రిజ్ సంగతి అడిగావు. కంపెనీ పేరు గుర్తులేదు. నంబరు ప్లేటు ఊడిపోయింది. అలాంటివి ఇప్పుడు రావడం లేదు. దాన్ని వదిలెయ్.

బావ


ఆగస్టు 30

బావగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే చేశాం. పాత బుష్‌లు పారేశారట, దొరకలేదు. చిన్న చెంచా పెడితే శ్రుతి మరీ ఎక్కువైంది. పెద్ద చెంచా పెడితే గరగరలాడింది. ఫోర్కు పెట్టి చూశాం, రెండు స్వరాలు వచ్చాయి, రెండూ తప్పే. చివరికి గరిటె పెట్టాం. స వచ్చింది. లాండ్రీ ఆవిడ చప్పట్లు కొట్టింది. ఇప్పుడు ఆఫీసువాళ్ళకు వడ్డించుకోవడానికి గరిటె లేదు. గ్లాసుతో వడ్డించుకుంటున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మాటలు తిరిగి మొదలుపెట్టవచ్చని అక్కకి చెప్పండి.

కమిటీ వినే రోజు డిసెంబరు మొదటి వారంలో ఉంటుంది. పైన హాల్లో. అంటే ఫ్రిజ్‌ని పైకి ఎక్కించాలి. కార్యక్రమం వివరాలు రాసి ఇమ్మన్నారు. ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు అలవాటు కాబట్టి వయొలిన్ల కింద వాళ్ళ ముగ్గురినీ రాసి, "శ్రుతి: ఫ్రిజ్" అని రాశాను. కమిటీ నుంచి జవాబు వచ్చింది. ఫ్రిజ్‌కి ఇదివరకు అనుభవం ఉందా, అది కూడా స్వచ్ఛందంగానే పనిచేస్తోందా, దాని గురించి తెలిసినవాళ్ళ దగ్గరనుంచి ఏదైనా ధ్రువపత్రం ఉందా అని అడిగారు. పరిహాసం కాదని మేనేజరమ్మ అంది. వాళ్ళు అందరినీ అడిగేవి ఆ మూడు ప్రశ్నలేనట.

ధ్రువపత్రం మీరే ఇవ్వగలరు. మీరు దాన్ని చూడలేదు, కానీ దాని లోపలి సంగతులు మీకు తెలుసు.

మూల ఫ్రిజ్‌ని వదిలెయ్యమన్నారు. వదలలేకపోతున్నాను. ఇక్కడిదానికి గరిటె, కోటు, మనిషి కావాలి. మనది దానంతటదే మోగేది. కరెంటు పోయిన సాయంత్రాల్లో కూడా ఆగేది కాదు. చీకట్లోనే వాయించుకునేవాణ్ణి. అంత మంచి మెషీనుని మీరు అమ్మకుండా మూలన ఎందుకు పెట్టారో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. దానికి బ్యాటరీ ఉందా?

మీ బావమరిది


సెప్టెంబరు 19

ఒరేయ్ బావమరిదీ,

బ్యాటరీ అన్నచోట మీ అక్క చదవడం ఆపేసి గడప మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లోపలికెళ్ళి మళ్ళీ నవ్వింది. మాటలైతే మొదలయ్యాయి.

దానికి బ్యాటరీ లేదు. ఇంకేమీ అడక్కు.

ధ్రువపత్రం షాపు కాగితం మీద రాసి, స్టాంపు వేసి ఇందులో పెట్టాను. "ఈ ఫ్రిజ్ నాకు ఉత్తరాల ద్వారా పరిచయం. ప్రవర్తన మంచిది. తలుపు తెరిస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుందని నమ్ముతున్నాను. ఎవరితోనూ గొడవ పడినట్టు వినలేదు" అని రాశాను. చాలకపోతే చెప్పు, దాని వంశం గురించి కూడా రాస్తాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఫ్రిజ్‌ని మోసేటప్పుడు నిలబెట్టే మోయాలి. పడుకోబెట్టారో, కంప్రెసరులోని నూనె పైపులోకి పోతుంది. పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తీసుకెళ్ళండి. పైకి చేరాక ఒక పూట ఊరికే ఉంచి అప్పుడు స్విచ్చి వెయ్యండి.

నా సంగతి అడగలేదు కానీ చెబుతాను. గొంతు పట్టేసింది. డాక్టరు లైటు వేసి చూసి, ఏళ్ళ తరబడి వాడి అరగదీసిన గొంతు, ఏం పని చేస్తుంటారు, పాటలు పాడతారా, బండి మీద కూరగాయలు అమ్ముతారా అని అడిగాడు. ఫ్రిజ్‌లు బాగుచేస్తానన్నాను. నమ్మలేదు. కొన్నాళ్ళు దానికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. మీ అక్క ఇస్తుంటేగా.

బావ


డిసెంబరు 4

బావగారికి నమస్కారం.

నిన్న అయింది. వరుసగా రాస్తాను.

ఫ్రిజ్‌ని నిలబెట్టే మోయాలని మీరు రాసింది అందరికీ చేతులతో చూపించాను. బస్సు డ్రైవరు తల ఊపాడు. లిఫ్టులో అది నిలువునా పట్టలేదు. నేను గరిటె తేవడానికి వెళ్ళి వచ్చేసరికి అతను దాన్ని పడుకోబెట్టి పైకి చేర్చి, పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఒక పూట ఆగే టైము లేదు. కమిటీవాళ్ళు మెట్లెక్కుతున్నారు.

వాళ్ళు ఐదుగురు. ముందు వరసలో కూర్చున్నారు. మేము వేదిక మీద కూర్చున్నాం. ఫ్రిజ్ నా వెనకే ఉంది. డాక్టరమ్మ కోటు తొడుక్కుని తలుపు తీసింది. మేనేజరమ్మ స్విచ్చి వేసింది. లోపల లైటు వెలిగింది. మోత రాలేదు.

గరిటె సర్దాను. రాలేదు. ముగ్గురూ నావైపు చూశారు. కమిటీ పెద్దాయన ముందు మీ ధ్రువపత్రం వైపు, తర్వాత ఫ్రిజ్ వైపు చూశాడు. బస్సు డ్రైవరు కుడికాలు నేలకి అదిమి ఉంచాడు కానీ స్వరం లేదు. ఇంతటితో అయిపోయిందని అనుకున్నాను. సామాను ఎలా సర్దుకోవాలో కూడా ఆలోచించాను.

తర్వాత ఏం చేశానో సరిగా చెప్పలేను. వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మన వెనక గది కనిపించింది. మూల ఫ్రిజ్ కనిపించింది. తలుపు అవతల మీ వెల్డింగు వెలుగు గోడ మీద ఆడుతూ కనిపించింది. ఆ మోత నా గొంతులో ఉంది. నోరు మూసుకునే దాన్ని బయటికి వదిలాను. మొదట సన్నగా, తర్వాత నిలకడగా. ముగ్గురూ కమాన్లు ఎత్తారు. డాక్టరమ్మ మోచేత్తో తలుపు ఆపుకుంటూనే వాయించింది. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. అయ్యేదాకా నేను ఒక్క స్వరం కూడా వాయించలేదు. మోగుతూనే ఉన్నాను.

నలుగురి ముందు నేను గొంతు వాడింది ఇదే మొదటిసారి. కానీ నా పెదవులు కదలలేదు కాబట్టి అది ఎవరికీ తెలియలేదు. అయిపోయాక కమిటీ పెద్దాయన వేదిక ఎక్కి, నన్ను దాటుకుని వెళ్ళి, ఫ్రిజ్ మీద తట్టాడు. ఈ రోజు నిర్ణయం రాసి పంపారు. క్లాసు ఇంకో ఏడాది ఉంటుంది. శ్రుతి సహకారం ఎంతో నిలకడగా ఉంది కాబట్టి ఫ్రిజ్‌కి కొత్త రంగు వేయించాలి. నేనూ ఉండవచ్చు.

నిన్నే నిజం చెబుదామని లేచాను. గొంతు రాలేదు. వెళ్ళేటప్పుడు లాండ్రీ ఆవిడ నా చేతిలో వేడినీళ్ళ గ్లాసు పెట్టి, తన గొంతు మీద వేలు ఆనించి చూపించింది. ఆమె ఒక్కతే కనిపెట్టింది.

నాకు శ్రుతి ఇచ్చింది మన మూల ఫ్రిజ్. అది లేకపోతే నిన్న నేను లేను. దయచేసి దాన్ని అమ్మకండి. జాగ్రత్తగా చూసుకోండి.

మీ బావమరిది


డిసెంబరు 22

ఒరేయ్,

ఈసారి మంట ఆర్పేసి విన్నాను. రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి మీ అక్క గొంతు సరిగా లేదు. నాది ఎలాగూ లేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక చెప్పక తప్పదు. నువ్వు జాగ్రత్తగా చూసుకోమన్న ఆ మూల ఫ్రిజ్‌లో మోటారు లేదు. నువ్వు షాపులోకి రాకముందే ఊడదీసి ఇంకోదానికి వేశాను. దానికి వైరు కూడా లేదు. అందులో మీ అక్క చలికాలం దుప్పట్లు పెడుతుంది. అయినా కరెంటు పోతే ఫ్రిజ్ ఎలా మోగుతుందిరా? లెక్కలు రాసేవాడివి, ఈ ఒక్క లెక్క ఎలా తప్పావు?

వెల్డింగు చేసేటప్పుడు గొంతులో గుయ్యిమనుకోవడం నాకు అలవాటు. నాకు పని నేర్పిన మేస్త్రీకీ ఉండేది. ఒకరోజు వెనకగదిలోంచి నువ్వు నా మోతకి సరిపడా తీగ బిగించుకుంటున్నట్టు వినపడింది. నేను ఆపాను. నువ్వూ ఆపావు. మొదలుపెట్టాను. నువ్వూ మొదలుపెట్టావు. ఆ తర్వాత ఎలా ఆపమంటావు? పని లేని సాయంత్రాల్లో కూడా ఖాళీ మంట వెలిగించుకుని కూర్చునేవాణ్ణి. చెబితే సిగ్గుపడి వాయించడం మానేస్తావని మీ అక్క నా నోటి మీద వేలు పెట్టింది. అసలు ఆ వేలు పెట్టాకే మోత ఇంకా బాగా వచ్చేది.

నువ్వు వెళ్ళాక కూడా సాయంత్రమయ్యేసరికి అలవాటుకొద్దీ అందుకుంటున్నాను. వెనకనుంచి ఏమీ రాదు. మీ అక్క గుమ్మంలోకి వచ్చి "ఇంకెవరికండీ, ఊరుకోండి" అంటుంది. ఊరుకుంటాను. ఆ పక్క రోజు మళ్ళీ మామూలే.

ఏడాది ఉండు. నిశ్చింతగా ఉండు. ఆ ఫ్రిజ్‌కి రంగు వేయిస్తారు కదా, వెయ్యనీ. పేరు దానికే రానీ, నష్టమేమీ లేదు. ఇన్నేళ్ళూ నేను చూశాను కదా.

ఇకపోతే పని సంగతి. నోరు మూసుకుని చేసేటప్పుడు పళ్ళు కరుచుకోకు, దవడ పట్టేస్తుంది. నాలుకని కింద పడుకోనియ్. అయ్యాక వేడినీళ్ళు తాగు, చన్నీళ్ళ జోలికి పోకు. ఊపిరి అందనప్పుడు కంగారుపడి ఆపెయ్యకు. వాళ్ళ కమాను వెనక్కి తిరిగే చోట కొంచెం ఊపిరి లాగి మళ్ళీ అందుకో. వాయించేవాళ్ళకి తెలియదు. నీకు ఎప్పుడూ తెలియలేదు.

బావ